మోత చేసిన పదిహేడు తప్పులు

మోతకి ఉన్నది ఒకటే జబ్బు. బాగా సాగుతున్న పాటని చేజేతులా చెడగొట్టి, "తప్పు నాదే, మళ్ళీ మొదలుపెడదాం" అంటాడు. అనేటప్పుడు మొహంలో సిగ్గు మచ్చుకైనా ఉండదు.

మోత అసలు పేరు కాదు. అతను గిటారు వాయించే, రొదనే సంగీతమనుకునే నాయిజ్ రాక్ బృందం మొదటి ఆల్బమ్ విన్నవాళ్ళు పెట్టిన పేరు. ఒకాయన ఇంట్లో అది వేసుకుంటే, గోడలు పడగొడుతున్నారేమోనని పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చారట. బృందం దాన్ని ప్రశంసగానే తీసుకుంది. అంత జనాదరణ చూశాక రెండో ఆల్బమ్ తప్పలేదు. దాన్ని రికార్డు చేసే మహాభాగ్యం మన స్టూడియో సౌండ్ ఇంజనీరుకి దక్కింది. పాపం, ఇరవై ఏళ్ళుగా జోలపాటలూ సబ్బుల ప్రకటనలూ రికార్డు చేసుకుంటూ సుఖంగా బతికిన మనిషి.

మొదటిరోజు మోత గిటారు వైరు కాలికి తగిలించుకుని ఊడబీకాడు. రెండోరోజు మంచినీళ్ళ సీసా తన్నాడు. మూడోరోజు, గొంతు అవసరమే లేని పాటలో మైకు దగ్గరికి వెళ్ళి మరీ తుమ్మాడు. ఈ సంగీతంలో తప్పేదో ఒప్పేదో ఇంజనీరుకి ఎటూ తెలియదు. అందులో కూడా తప్పు చేసి చూపించగలిగినందుకు మోతని మెచ్చుకోవాలనిపించింది.

డ్రమ్స్ వాయించేది మోత అక్క మొగుడు. మణికట్టు విరిగి, కట్టు విప్పి నెలైంది. శనివారం సాయంత్రానికి పాటలు పూర్తి కాకపోతే డ్రమ్స్ యంత్రంతో వేయిస్తామని ఆల్బమ్ తీసే కంపెనీవాళ్ళు ముందే చెప్పారు. అందుకే బామ్మర్ది తప్పు చేసినప్పుడల్లా ఆయన నిట్టూర్చేవారు.

"నా చెయ్యి నయమైంది గానీ, వీడి బుర్రకే మందు లేదు."

శుక్రవారం భోజనాల వేళ ఇంజనీరు, మోతని తీసెయ్యమని కంపెనీకి ఉత్తరం రాయడానికి కూర్చున్నాడు. సాక్ష్యం కోసం చెడిపోయిన పదిహేడు రికార్డింగులూ తీశాడు. ఒక్కో వాద్యం విడిగా రికార్డవుతుంది కనుక, చెవులకి కాస్త విశ్రాంతి ఇద్దామని గిటార్లు ఆపి డ్రమ్స్ ఒక్కటే విన్నాడు. పదిహేడింటిలోనూ ఎక్కడో ఒకచోట ఎడమచెయ్యి తడబడి ఒక దెబ్బ వెనకబడింది. గిటార్లు మళ్ళీ కలిపి వింటే, ఆ మరుక్షణమే వైరు ఊడింది, సీసా పడింది, తుమ్ము వచ్చింది.

ఉత్తరం పక్కన పెట్టి, వరండాలో ఉన్న మోతని సంగతేమిటని అడిగాడు. మోత దొంగలా అటూ ఇటూ చూశాడు.

"బావ తడబడ్డాడని తెలిస్తే కంపెనీవాళ్ళు ఇవాళే యంత్రం తెస్తారు. ఆయన చెయ్యి కుదురుకోవడానికి ఇంకాస్త టైము కావాలి సార్. నా పరువుకేముంది, అది మొదటి ఆల్బమ్‌తోనే పోయింది."

ఇంజనీరుకి అతని మీద మొదటిసారి ప్రేమ పుట్టింది. సంగీతం మీద మాత్రం పుట్టలేదు.

శనివారం మధ్యాహ్నం ఆఖరి పాట. సగంలో ఎడమచెయ్యి మళ్ళీ తడబడింది. మోత తన్నడానికి ఏమైనా దొరుకుతుందా అని వెతుక్కుంటున్నాడు. ఈలోగా రికార్డింగు ఆగిపోయింది, అద్దం వెనక నుంచి మైకులో ఇంజనీరు గొంతు వినిపించింది.

"తప్పు నాదే. వేరే మీట నొక్కాను. మళ్ళీ మొదలుపెడదాం."

బావగారు మణికట్టు నెమ్మదిగా నొక్కుకుని, పుల్లలు అందుకున్నారు. ఈసారి పాట మొదటి నుంచి చివరిదాకా ఒక్క దెబ్బ పోకుండా వచ్చింది. ఆయన చెమట తుడుచుకుని ఇద్దరినీ జాలిగా చూశారు.

"మీరిద్దరూ కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఉంటే ఇది మొదటిరోజే అయిపోయేది."

నిజమేనని ఇద్దరూ తల వంచుకుని ఒప్పుకున్నారు.