ముడి కింద పుట్టుమచ్చ

దయ్యాల మాట మా ఇంట్లో పనివాళ్ల వసారా దాటి లోపలికి రాలేదు. నేనూ ఏనాడూ నమ్మలేదు.

ఇంకో సంగతి ముందే చెప్పాలి. కళ్లు మూసుకుంటే నాకు చీకటి తప్ప ఏమీ కనిపించదు. "ఊహించుకో" అన్నది మాటవరసకే అనుకునేవాణ్ణి. మిగతావాళ్లకు నిజంగానే బొమ్మ కనిపిస్తుందని నలభై దాటాక తెలిసింది.

అమ్మ పోయేనాటికి నాకు ఏడేళ్లు. మా దొరల గడీలో ఆడవాళ్లకు ఫొటోలు తీయించేవారు కాదు. అందుకని ఆమె ముఖం నాకు బయటా లేదు, లోపలా లేదు. ఎడమ కనుబొమ్మను ఒక గాటు రెండుగా చీల్చిందని మాత్రం తెలుసు. ఊరి పేరు తెలిసినట్టు తెలుసు, అంతే.

గడీ పోయింది. మిగిలిన టేకు సామాను టోలిచౌకిలో ఒక షెడ్డులో పెట్టి షూటింగులకు అద్దెకిస్తాను. మొన్న వేసవిలో అమ్మ కూర్చునే కుర్చీ ఫిల్మ్‌నగర్‌లో ఒక సెట్టుకు వెళ్లింది. గీతలు పడ్డాయేమో చూద్దామని మర్నాడు వెళ్లాను. ఫొటోలు తీయకూడదని ఫోను గేటు దగ్గరే తీసుకున్నారు.

గోడకు, కథలో హీరోకి చనిపోయిన తల్లి అని చేత్తో వేసిన పటం, దండతో. ఎడమ కనుబొమ్మ రెండుగా చీలి ఉంది. మా అమ్మ. గుర్తుపట్టడానికి క్షణం పట్టలేదు.

వేసినతను యాదగిరి, కృష్ణానగర్‌లో ఉంటాడు. ఎవరిని చూసి వేశావని అడిగాను.

"ఎవర్ని చూడలే సార్. కండ్లు మూస్తే ఏదో మొఖం వస్తది, దించుత. గీమె మీ కుర్చీ వచ్చినంక వచ్చింది."

ఆ పటం అడగాలనిపించింది. చేయి చాచడం మా ఇంటా వంటా లేదు. వచ్చేశాను. మూడోనాడు పొద్దున్న అడగడానికే సెట్టుకు వెళ్లాను. అప్పటికే యాదగిరి ఆ పటం అట్టకు తెల్లరంగు పూసి, మరో సినిమాకు మరో తల్లిని మొదలుపెట్టాడు.

"ఒక్క అట్ట మీద పదిమంది అమ్మలు పోతరు సార్. గా దినమే ఒక్క మాటంటే ఇయ్యకపోదునా?"

అక్కడే ఉన్న అమ్మ కుర్చీలో కూలబడి కళ్లు మూసుకున్నాను.

చీకటి లేదు. అమ్మ నాకు వీపు పెట్టి కూర్చుని, తడి జుట్టు పైకెత్తి ముడి వేసుకుంటోంది. ముడి కింద, మెడ మీద, శనగగింజంత పుట్టుమచ్చ. వడ్రంగుల సుత్తి చప్పుళ్లు వినిపిస్తూనే ఉన్నాయి, కాబట్టి నిద్ర కాదు. కళ్లు తెరిచాక మళ్లీ ఎన్నిసార్లు మూసినా చీకటే. ఈనాటికీ అంతే.

బోరబండలో ఉన్న అక్కకు ఫోన్ చేసి పుట్టుమచ్చ సంగతి అడిగాను.

"ఉండె తమ్మీ. తలంటుకున్ననాడే కనపడేది. నీకెవరు చెప్పిండ్రు?"

చూశానన్నాను. ఏ కంటితో అని అడిగితే, ఇప్పటికీ చెప్పలేను.