తడి వాకిట్లో చక్రాల జాడలు

ఈ రోజు పొద్దున ఎప్పటిలాగే వాకిలి ఊడ్చి, పేడనీళ్లతో సానుపు చల్లి, దీపం పెట్టుకున్నాను. తడి ఆరకముందే తమ్ముడు సురేశ్ కారు తెచ్చి వాకిట్లో నిలిపాడు.

అల్లపల్లి దారిలో కలప లారీని గుద్దిన కారే అది. ఇన్సూరెన్స్ వాళ్లు ఇక బాగుచేయించినా దండగేనని, టోటల్ లాస్ అని రాసేశారు. వీడేమో బండి తనే ఉంచుకుని, అహేరిలో సొట్టలు సాపు చేయించి రంగు వేయించాడు. సాయంత్రం రేగుంట బడి సారు కొనడానికి వస్తున్నాడు. గుద్దిన సంగతి ఆయనకు తెలియదు.

మా ఇంట్లో బండి పూజ పెద్దక్కనైన నేనే చేయాలి. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. సురేశ్ కారును తిన్నగా ముందుకు నడిపాడు. కాయలన్నీ చితికాయి. నేను మాత్రం నేలనే చూస్తున్నాను. వెనుక చక్రాలు ముందటి చక్రాల జాడలోనే నడవాలి కదా. తడిలో రెండు గీతలకు బదులు నాలుగు పడ్డాయి. పైన రంగు పడినా, గుద్దినప్పుడు వంగిన అడుగు చట్రం అలాగే ఉంది.

"సురేశూ, బండి వంకర పోతున్నది, సూడు."

"రంగు మంచిగున్నది గదక్కా! కిందికెవడు సూస్తడు?"

"దేవునికైతే నేను చెప్పిన. సారుకు నువ్వు చెప్పు."

వాడు అన్నం తినలేదు. సాయంత్రం సారు తన ఇద్దరు ఆడపిల్లలతో వచ్చాడు. పిల్లలు ఉరికి వెనుక సీట్లో కూర్చున్నారు. సురేశ్ ఇవ్వబోయిన తాళం మళ్లీ జేబులో వేసుకున్నాడు. సారును ఆ గీతల దగ్గరికి తీసుకుపోయి, లారీని గుద్దిన సంగతి చెప్పాడు.

సారు పిల్లల్ని దింపుకుని, చాయ్ తాగి వెళ్లిపోయాడు. సురేశ్‌కు నా మీద కోపం ఇంకా పోలేదు. మీరైతే చెప్పేవారా? మా ఇంట్లో అందరం కూర్చుని తేల్చుకున్నది ఒకటే: కారు విప్పి సామాన్లుగా అమ్మాలి, మళ్లీ రోడ్డెక్కించొద్దు.