రంగులమ్మ వేసిన ప్రశ్న

ఇదివరకు తెల్లవారుజామున నాలుగున్నరకి మా ఇంట్లో మొదటి చప్పుడు ఆయన గొంతు సవరించుకోవడం. అయిదింటికల్లా చెత్త లారీల డిపోలో ఉండాలి ఆయన. నేను పొయ్యి వెలిగించి, క్యారేజీ సర్ది, గుమ్మం దాకా వెళ్ళి వచ్చేసేదాన్ని. ఇప్పుడూ నాలుగున్నరకే మెలకువ వస్తుంది. క్యారేజీ లేదు. కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతూ ఉంటాను. అంతలో మా తోటికోడలు తలుపు తడుతుంది, చంకలో చెక్క చట్రం, చేతిలో రంగు డబ్బా.

ఆమెను డిపోలో అందరూ రంగులమ్మ అంటారు. సంచుల మీద దుకాణాల పేర్లు అచ్చువేసే షెడ్డులో పదహారేళ్ళు పనిచేసింది. గోళ్ళ సందుల్లో రంగు ఏ సబ్బుకీ లొంగదు. ఆమె కాపురానికొచ్చిన కొత్తలో మా అత్తగారు ఆ చేతులు చూసి, ఈ పిల్ల వండితే కూర ఏ రంగులో వస్తుందో అన్నారు. మీకే రంగు ఇష్టమో ముందే చెప్పండత్తయ్యా అంది. నేను నవ్వాపుకోలేక పెరట్లోకి పోయాను. నాకు మాట ఎంత తక్కువో ఆమెకు అంత ఎక్కువ.

మూడు నెలల క్రితం వాలు రోడ్డు మీద ఆయన లారీకి బ్రేకులు పడలేదు. గోడకి కొట్టుకుంది. ఆయన మళ్ళీ ఇంటికి రాలేదు. వేగంగా నడిపాడని డిపో ఆఫీసువాళ్ళు రాశారు. పనివాళ్ళు ఊరుకోలేదు. ఆ ప్రమాదం మీద విచారణ జరిగే రోజున అందరూ ఒకేలాంటి టీషర్టులు వేసుకుని ఆఫీసు ముందు నిలబడాలనుకున్నారు. వాటి మీద ఒకటే మాట: బ్రేకులు చూసిందెవరు?

లారీ బయటికి పోయే ముందు మెకానిక్ చూసి పుస్తకంలో సంతకం చేయాలి. ఆ రోజు సంతకం మా మరిదిది, అంటే రంగులమ్మ మొగుడిది. చూసే చేశాడా, చూడకుండా చేశాడా, ఎవరైనా చేయించారా, ఇంతవరకూ నోరు విప్పలేదు. మా ఇంటికి వచ్చినా గుమ్మం దగ్గరే నిలబడి వెళ్ళిపోయేవాడు.

మా ముందు గదిలో బల్ల వేశాం. డ్యూటీ దిగిన ఊడ్చేవాళ్ళూ, లోడు ఎత్తేవాళ్ళూ వచ్చి సాయం చేశారు. వాళ్ళ చేతులేమో చీపురుకి అలవాటుపడినవి. టీషర్టు మీద చట్రం పెట్టి, అక్షరాల చోట మాత్రమే రంగు దిగే దాని సన్నటి గుడ్డ మీద రంగు పోసి, రబ్బరు పలకతో ఒక్కసారే, ఒకే బరువుతో లాగాలి. వాళ్ళు ముందుకీ వెనక్కీ ఊడ్చేశారు. అక్షరాలు అలికేసినట్టయ్యాయి. పైగా టీషర్టు లోపల అట్ట పెట్టలేదు. రంగు దిగి, వీపు మీద కూడా అదే ప్రశ్న తిరగబడి తేలింది. తొమ్మిది పోయాయి.

“ఇది రోడ్డు కాదన్నా, చొక్కా. దుమ్ము లేవక్కర్లేదు,” అంది రంగులమ్మ.

లోడు ఎత్తే పెద్దాయన, వీపు మీద కూడా ఉంటే వెనకున్న అధికారులకీ కనిపిస్తుంది కదమ్మా అన్నాడు. వాళ్ళకి తిరగేసి చదవడం బాగానే వచ్చులే అని, ఆ తొమ్మిదీ తుడుపు గుడ్డల్లో పడేసింది.

నాకిచ్చిన పని ఇస్త్రీ. ఆరిన రంగు మీద పల్చటి గుడ్డ పరిచి ఇస్త్రీపెట్టె ఆనిస్తేనే అది బట్టని పట్టుకుంటుంది. లేకపోతే మొదటి ఉతుక్కే పోతుంది. కాళ్ళు ఒకచోట నిలవవు నాకీమధ్య. ఒకటి చేసి కిటికీ దాకా వెళ్ళడం, మళ్ళీ వచ్చి ఇంకొకటి. అలా తిరుగుతూనే ఒకసారి అడిగేశాను, ఈ మాట ఎవరికి తగులుతుందో తెలిసే వేస్తున్నావా అని.

“తెలుసక్కా. రోజూ ఆ మనిషికే అన్నం పెడుతున్నా,” అంది. పలక ఆపలేదు.

విచారణకి ముందురోజు సాయంత్రం మరిది వచ్చాడు. ఈసారి లోపలికి వచ్చాడు. గదిలో తీగల నిండా అదే ప్రశ్న వేలాడుతోంది. చేతులకి గ్రీజు ఉందని దేన్నీ తాకలేదు.

“నాకూ ఒకటి కావాలొదినా.”

జవాబు రంగులమ్మ ఇచ్చింది. “వేసుకుంటే మిమ్మల్ని మీరే అడిగినట్టుంటుంది.”

“రేపు నన్నూ పిలిచారు.”

“పిలిస్తే ఏం చెప్తారు?”

అతను ఒక తుడుపు గుడ్డ తీసుకుని చేతుల గ్రీజు తుడుచుకున్నాడు. ఆమె ఒక టీషర్టు తీసి, అట్ట పెట్టి, పలక లాగింది. ఎప్పుడూ లేనిది, లాగడం పూర్తికాకుండానే చెయ్యి ఆగింది. చివరి అక్షరం దగ్గర రంగు ముద్దకట్టింది. ఇంకోటి వేస్తానంటే అతను వద్దన్నాడు.

ఆరాక తెచ్చి నా ముందు పెట్టాడు. ఇస్త్రీపెట్టె వేడిగానే ఉంది. నేను దాన్ని పక్కకి నిలబెట్టాను.

“దీనికి ఇస్త్రీ చేయను,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. “రేపటికి ఇలాగే సరిపోతుంది. అక్కడ ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఆ తర్వాత తీసుకురా, రంగు నిలిచేలా చేస్తాను.”

మిగతావన్నీ అయిపోయాయి. అదొక్కటీ అలాగే మడిచి అతని చేతికిచ్చాను.