సెలోటేపు చుట్టిన స్టార్

మా లక్సెట్టిపేట ఇంటికి ఏటా క్రిస్మస్ స్టార్ నేనే కడతాను. ఈ రోజు కూడా వెదురుపుల్లలు, రంగు కాగితాలతో కట్టి, లోపల బల్బు పెట్టి, వైరు అతుకుకు సెలోటేపు చుట్టాను. అది వరండా గ్రిల్‌కు తగిలించడానికి ఎలక్ట్రీషియన్ సుజాత వచ్చింది. అతుకు చూడగానే వైరు కత్తిరించింది.

“నలభై ఏండ్ల సంది గిట్లనే కడుతున్న, ఏమైంది?” అన్నాను.

“ఏం కాలే గాబట్టే ఇయ్యాల నాతోటి కొట్లాడుతున్నవ్ అమ్మమ్మా. క్రిస్మస్ పాటలు పాడనీకి వచ్చే పిల్లలు గీ ఇనుప గ్రిల్లే గద పట్టుకునేది.”

గొణుక్కుంటూనే స్టూలు తెచ్చిచ్చాను. ఐఎస్ఐ గుర్తున్న హోల్డరు, వేడెక్కని బల్బు, అతుకు లేని వైరు వేసింది. గ్రిల్‌ను టెస్టరుతో తాకి చూశాకే స్విచ్ వేయనిచ్చింది. సాయంత్రం పిల్లలు గ్రిల్ పట్టుకుని వేలాడుతూనే పాడారు.

మీ స్టార్ అతుకుకు ఏం చుట్టారో చూసి చెప్పండి. నేను సైన్స్ టీచరుగా రిటైరయ్యానని మాత్రం సుజాతకు చెప్పకండి.