బయటివాడి నోట వచ్చిన మాట

సహోదరులారా, సహోదరీలారా, ఫిట్స్ ఉన్నవాడికి సముద్రం మీద పని అంటే ఏమిటో మీలో వేటకెళ్ళేవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు! పెళ్ళయిన కొత్తలో నాకు ఆ జబ్బు మొదలైంది, ఉన్నట్టుండి కళ్ళు తిరగడం, నోట నురగ, లేచాక ఎక్కడున్నానో తెలియకపోవడం, నేను హార్బరుకు బయలుదేరిన ప్రతిసారీ నా భార్య మరియమ్మ గుమ్మం పట్టుకుని ఏడ్చేది. డాక్టరు బిళ్ళలు రాశారు, వాటితో బాగా తగ్గింది కూడా.

అలాంటి రోజుల్లో మన ఉపవాస కూడికలో నా తలమీద చేతులుంచి ప్రార్థన చేశారు. ఒళ్ళంతా వేడెక్కిపోయింది, సంతోషం పట్టలేక నేనే ముందుకొచ్చి "స్వస్థత పొందాను" అని సాక్ష్యం చెప్పి, బిళ్ళల డబ్బా తెచ్చి ప్రసంగపీఠం దగ్గర పెట్టేశాను. ఎన్ని చప్పట్లో! ఇక సాక్ష్యం చెప్పినవాడు మళ్ళీ బిళ్ళ మింగితే ఆ సాక్ష్యం అబద్ధమైపోదూ? అదీ నా పట్టుదల. మరియమ్మ బతిమాలితే అల్పవిశ్వాసి అని కసిరేశాను.

మా బోటు డ్రైవరు అప్పన్న మీలో చాలామందికి తెలుసు. సింహాచలం కొండకు కాలినడకన మెట్లెక్కి వెళ్ళే మనిషి, స్వామికి దండం పెట్టకుండా ఇంజను స్టార్టు చేయడు, చుట్టరికం లేకపోయినా చిన్నప్పటినుంచీ మేమిద్దరం బావా అంటే బావా అనుకునేవాళ్ళం. ఒక తెల్లవారుజామున వల లాగుతుండగా నాకు ఫిట్స్ వచ్చింది, సగం ఒళ్ళు బోటు అంచు దాటిపోయిందట! అప్పన్న స్టీరింగు వదిలేసి ఉరికొచ్చి, నా కాళ్ళు దొరకబుచ్చుకుని లోపలికి లాగేశాడు.

తెలివొచ్చాక అతను అడిగిన మొదటి మాట, "బిళ్ళ ఏసుకున్నావేటి బావా?" నేను సంగతంతా చెప్పాను. అతనికి ఒళ్ళు మండిపోయింది.

"ఇదెక్కడి బక్తి బావా? పెళ్ళాం పిల్లల్ని రోడ్డున పడీమని మీ దేవుడు సెప్పినాడేటి?"

నాకూ కోపం ఆగలేదు. "మందిరం గుమ్మం తొక్కినోడివి కాదు, మా ఇసయం నీకేటి తెలుసు? నోరు ముయ్యి!"

"నాను మీలో పుట్నేదు, నిజిమే. మరి మీరు మాలో పుట్టినారేటి? ఆదోరం ఆదోరం మైకెట్టి మా దేవుళ్ళని రాళ్ళంటన్నారు, నాను ఇంటన్నానా నేదా? నువ్వంటే నాను ఇనాల, నానంటే నువ్వు ఇనవా? మీ దేవుణ్ణి నానేటీ అన్నేదు. నువ్వు సేసింది తప్పంటన్నాను. బిళ్ళ ఏసుకున్నాకే నా బోటెక్కు!"

సహోదరులారా, బయటివాళ్ళు అనేదంతా నిజమని నేను చెప్పను, మనల్ని ఎగతాళి చేయడానికే నోరు తెరిచేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ సంగతి వేరు. కానీ సముద్రంలో పడిపోకుండా నా కాళ్ళు పట్టుకున్న మనిషికి నన్ను అడిగే హక్కు లేదని ఏ ముఖం పెట్టుకుని అనను? ఇంటికొచ్చి మోకరించి, "తండ్రీ, నీ మాట నా చెవికెక్కకపోతే నా బావ నోట చెప్పించావు, స్తోత్రం" అని ఏడ్చేశాను. ఆ పూటే బిళ్ళలు మొదలుపెట్టాను, ఇప్పటికీ వేసుకుంటున్నాను, వేటకెళ్తున్నాను, మరియమ్మ నవ్వుతూ సాగనంపుతోంది. మన పాస్టరుగారు కూడా ఇప్పుడు ప్రార్థన చేసి, మందు మానొద్దని మరీ మరీ చెబుతున్నారు, వారికి నా వందనాలు.

మొన్న హార్బరులో వల బాగుచేసుకుంటూ కూర్చున్నప్పుడు మా బోటు వంటమనిషి ఒక సంగతి చెప్పాడు. ఆ రోజు నాకు స్పృహ లేనప్పుడు అప్పన్న నా తల ఒళ్ళో పెట్టుకుని ఆకాశంకేసి చూసి అరిచాడట, "యేసుబాబూ! నాను నీవోణ్ణి కాను, ఈడు నీవోడు. ఈణ్ణి ఒగ్గీకు!"

కాబట్టి ప్రియులారా, ఆయనను నమ్మండి, ధైర్యంగా నమ్మండి! ఆ పూట నాకు తెలివి లేదు, నోరు పెగల్లేదు, ఆ బోటులో యేసయ్యను పిలిచినవాడు అప్పన్న ఒక్కడే. దేవుడు విన్నాడు, ఆయనకే మహిమ!