నీలం పోగు దారి

మొన్న మంగళవారం మధ్యాహ్నం మగ్గం గుంటలోంచి లేవబోతూ మా పెదనాయన కూలబడిపోయారు. నేను ధర్మవరంలో బస్సు దిగేసరికి అంతా అయిపోయింది. వయసు మీద పడిన మనిషే. అయినా ఇంత తొందరేమని కోపం వచ్చింది నాకు. ఏడ్చే ఓపిక లేక ఆ కోపంతోనే తిరుగుతున్నాను.

మా వీధి కొళాయికి నీళ్ళు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియదు. కాపురానికి వచ్చిన నాటి నుంచీ పెద్దమ్మ చీకటితోనే లేచి బిందెలు వరుసలో పెట్టేది. ఒకసారి జ్వరంలో, "నీళ్ళ పక్కనే పండుకోని, బిందెల ధ్యాస లేకుండా ఒక్క పొద్దు నిద్రపోతే సాలు" అంది. ఆ మాటను పెదనాయన పట్టుకున్నారు.

అప్పటి నుంచి ప్రతి ఎండాకాలమూ మగ్గం పక్క నేల మీద ఒక కారు ప్రయాణం పరిచేవారు. తెగిన పట్టుపోగులే దారులు. నీళ్ళ గట్టున మకాముంటే నీలం పోగు, పట్నం చూడాలంటే ఎర్ర పోగు, ఆగే చోటల్లా ఒక చింతగింజ. నీలం పెద్దమ్మకు, ఎరుపు తనకు. బెంగుళూరు దీపాలు, మైసూరు ప్యాలెస్ చూడాలని ఆయనకు మహా ఆశ. వాన ఎగ్గొట్టిందంటే కొనేవాళ్ళు లేక నేసిన చీరలు కదలవు. "వచ్చే యేడు సూద్దాంలే" అని పోగులన్నీ ఏరి డబ్బాలో వేసేవారు. ఎన్నేళ్ళు ఏరారో!

ఎట్టకేలకు ఎనభైల మొదట్లో టాక్సీ మాట్లాడారు, నన్నూ రమ్మన్నారు. ముందు హోస్పేట డ్యాం, తర్వాత బెంగుళూరు, మైసూరు. సామాన్లతో పాటు రెండు బిందెల నీళ్ళు మూతికి గుడ్డ కట్టి ఎక్కించారు.

"డ్యాం కాడికి పోతా నీళ్ళెందుకు పెదనాయనా?" అన్నాను.

"ఆడ నీళ్ళుండాయని నువ్వు సూసినావా?"

డ్రైవరు పగలబడి నవ్వాడు. మాలో ఎవరికీ నవ్వు రాలేదు.

అక్కడ చూస్తే కంటికి ఆనినంత దూరం నీళ్ళే. మొదటి పొద్దున పెద్దమ్మ అలవాటుగా లేచి బిందె కోసం తడుముకుంది. "నీళ్ళు యాడికీ పోవు, పండుకో" అన్నారు పెదనాయన. ఆమెకు నమ్మకం కుదరలేదు. గట్టున కూర్చుని నీళ్ళకు కాపలా కాసింది.

బెంగుళూరు బయలుదేరాల్సిన పొద్దు మాత్రం పెద్దమ్మ ఎండ మొహాన పడినా లేవలేదు. డ్రైవరు హారన్ కొట్టబోతే పెదనాయన పరుగున పోయి ఆపారు.

"పండుకోనీ అప్పా. బెంగుళూరు యాడికి పోతాది?"

ఆ రోజూ, మరుసటి రోజూ అక్కడే ఉండిపోయాం. టాక్సీకి మాట్లాడుకున్న గడువు అయిపోయింది. బిందెల్లో నీళ్ళు పారబోయడానికి ఆయనకు మనసొప్పలేదు, తెచ్చినవి తెచ్చినట్టే ఇంటికి మోసుకొచ్చాం. "దీపాలు సూడలేకపోతివే" అని నేను బాధపడితే, "దీపాలదేముందమ్మా, మన ఇంట్లో గూడా ఉండాయి" అన్నారు. అన్నారే గానీ, మరుసటి ఎండాకాలం మళ్ళీ ఎర్ర పోగులు పరిచారు. ఆ ప్రయాణం మాత్రం మళ్ళీ పడలేదు.

ఈ యేడు పరిచింది ఇంకా మగ్గం పక్కనే ఉంది. అందులో ఎరుపు లేదు. ఇంటి నుంచి డ్యాం దాకా ఒకటే నీలం పోగు, చివర ఒక చింతగింజ. పెద్దమ్మ అక్కడ ఎవరినీ ఊడ్వనివ్వడం లేదు.

ఈ పొద్దున కొళాయి వచ్చింది. వీధంతా బిందెల చప్పుడు. "నీళ్ళొచ్చినాయి పెద్దమ్మా" అన్నాను. ఆమె లేవలేదు. ఆ పోగు పక్కనే నేల మీద పండుకుని ఉంది, చింతగింజను వేలితో తడుముతూ, కళ్ళు తెరుచుకుని.