అప్పలస్వామి మావ నేర్పిన ఫినాల్ఫ్తలీన్

కాలేజీ ల్యాబులో, ఫ్లాస్కులోని నీళ్లలాంటి ద్రావణం ఒక్క చుక్కకు గులాబీ రంగు తిరిగినప్పుడల్లా, పరాయి రాష్ట్రంలో, రేవు పక్కన గార్డెన్ రీచ్‌లోని మా ఇరుకు వరండా, అప్పలస్వామి మావ బీడీ వాసన గుర్తుకొస్తాయి. ఆ రంగు తెచ్చే మందు పేరు ఫినాల్ఫ్తలీన్. పన్నెండో తరగతిలో ఆ పేరు నా ప్రాణం తీసింది. నాకు నత్తి. ప్రాక్టికల్ పరీక్షలో బయటినుంచి వచ్చినాయన అడిగితే నోటితో చెప్పాలి. చెప్పలేకపోతే తప్పుతానని, నా చదువు అక్కడితో సరి అని భయం.

మావ మా పక్కింటాయన. శ్రీకాకుళం నుంచి వచ్చి, రేవులో కూలీల జట్టుకు సర్దారయ్యాడు. అక్షరమ్ముక్క రాదు గానీ, ఆయన "హైలెస్సా" అంటేనే పదిమంది చేతులు ఒక్కసారి లేచేవి. ఎర్రజెండా ఊరేగింపుల్లో నినాదం ఎత్తుకునేదీ ఆయనే. ఒక సాయంత్రం నేను "ఫి... ఫి..." దగ్గరే ఆగిపోయి ఏడుస్తుంటే, వచ్చి గడపలో కూర్చున్నాడు.

"ఏటి పాపా, అంత బరువా ఆ మాట?"

తలూపాను.

"మరి ఒక్కసారే ఎత్తీద్దామంటే ఎలాగ? ముక్కలు సెయ్యి."

ఫి-నాల్-ఫ్త-లీన్ అని కాగితం మీద విడగొట్టాను. ఒక్కో ముక్కకూ ఆయన అరచేత్తో నేల తట్టాడు. అయినా మొదటి ముక్క దగ్గరే ఆగిపోయాను. తల దించుకున్నాను.

"సిగ్గెందుకు? కేక ముందల నానూ ఆగుతాను. అందరి సేతులూ తాడు మీద పడేదాకా ఆగుతాను. సర్దారు ఆగితే జట్టంతా ఆగాల. నీ మాటకి నువ్వే సర్దారువి. ఆ ఆగడం నీది, పాపా."

పరీక్షలో ఆగాను. ఎదుటాయన "బోలో, బోలో" అంటూ వాచీ చూసుకున్నాడు. నేను తొందరపడలేదు. బల్ల కింద నా అరచేయి నాలుగుసార్లు తొడను తట్టింది. మాట బయటపడింది. పాసయ్యాను.

ఏళ్ల తర్వాత మావకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. చూడ్డానికి వెళితే, నన్ను పోల్చుకుని పెదవులు కదిపాడు. "వరలచ్చిమే..." అంటూ పక్కనున్న అత్త నా పేరు అందించబోయింది.

"ఆగత్తా. సర్దారు ఆగితే జట్టంతా ఆగాల," అన్నాను.

ఆగాం. చాలాసేపే ఆగాం. మంచం పట్టె మీద ఆయన వేళ్లు మెల్లగా తట్టాయి.

"వ... ర... లచ్చి."

నాకు ఏడుపు ఆగలేదు.

ఇప్పుడు నేను పాఠం చెప్పే ల్యాబులో ఏ విద్యార్థికైనా మాట ఆగిపోతే, పక్కవాళ్లు అందించకూడదు. గంట మోగినా సరే, జట్టంతా ఆగుతాం.